లాక్రిస్ తిన్నాడా?

ఆస్గర్ కొండచిలువ పిల్లని ఇంటికి తెచ్చిన రోజు అతని అక్క డోర్టె వంటింట్లో కుర్చీ ఎక్కి నిలబడింది. పాము ఇంకా ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంది, మూత బిగించే ఉంది. అయినా సరే ఎక్కింది.

"ఒరేయ్, అది ఈ ఇంట్లో ఉంటే నేనుండను."

"మేడ మీద నా గదిలో ఉంటుందక్కా. నీ కంటపడదు. మొరగదు, అరవదు."

"పోనీ ఓ కుక్కని తెచ్చుకోకూడదూ? కాస్త బయట తిరిగినట్టూ ఉంటుంది."

"కుక్క ముఖంలోకి చూస్తుంది," అన్నాడు ఆస్గర్. "ఎవరూ నా ముఖంలోకి చూడకపోతే నాకు బాగుంటుంది."

డోర్టె కుర్చీ దిగిపోయింది. తమ్ముడు అలా మాట్లాడాడంటే ఆమె ఇంక వాదించదు.

వాళ్ళమ్మ పోయేనాటికి ఆస్గర్ ఇంకా బడికెళ్ళే పిల్లాడు. తండ్రి ఎప్పుడూ సముద్రం మీదే. డోర్టె అప్పుడే వాళ్ళ ఊరు హీర్ట్‌షాల్స్ రేవులో చేపల ఫ్యాక్టరీలో చేరింది. పొద్దున్న చేపలు కోసి, సాయంత్రం తమ్ముడికి వండిపెట్టి, బడిలో వాడి తరఫున దెబ్బలాడి పెంచింది. పెద్దయ్యాక ఆస్గర్ కూడా పడవలెక్కాడు. చాలా ఏళ్ళు బాగానే ఉన్నాడు. ఒక చలికాలం పడవ దిగి వచ్చినవాడు మంచం మీంచి లేవలేకపోయాడు. ఎందుకని అడిగితే తనకే తెలియదన్నాడు. డోర్టె వెళ్ళి అతని అద్దె గది ఖాళీ చేయించి, సామానంతా తన ఇంటి మేడ మీదికి చేర్చింది. ఆ గది తలుపుకి గొళ్ళెం ఉండేది. దాన్ని పీకించేసింది. ఫ్యాక్టరీకి వెళ్ళే ముందు, వచ్చాక, మధ్యమధ్యలో మెట్లెక్కి తలుపు తీసి చూసేది. "ఏమైనా కావాలా?" అనేది. ఏమీ వద్దనేవాడు. మళ్ళీ వెళ్ళి అడిగేది.

పాము మూరెడు పొడవుంది, వేలంత లావుంది. నల్లటి ఒంటి మీద ఎండుటాకు రంగు మచ్చలు. చుట్టుకుని పడుకుంటే పిల్లలు కొనుక్కునే నల్ల ఉప్పు మిఠాయి చుట్టలా ఉందని ఆస్గర్ దానికి ఆ మిఠాయి పేరే పెట్టాడు, లాక్రిస్ అని. వచ్చిన కొత్తలో రెండు ఎలుక పిల్లల్ని మింగింది. ఆ రోజుల్లో ఆస్గర్ కిందికొచ్చి అక్కతో కలిసి కాఫీ తాగేవాడు. డోర్టె పాముకి లోలోపల దణ్ణం పెట్టుకుంది.

అక్టోబరులో ఓ ఆదివారం మధ్యాహ్నం స్నానాల గదిలోకి వెళ్ళిన ఆస్గర్ ఎంతకీ బయటికి రాలేదు. డోర్టె పిలిచింది. తట్టింది. చేపల పెట్టెలు మోసి మోసి రాటుదేలిన భుజంతో తలుపు విరగ్గొట్టింది. లోపల ఏం చూసిందో ఆమె ఆ తరవాత ఎవరికీ చెప్పలేదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని అంబులెన్సు వాళ్ళు అన్నారు.

ఆసుపత్రిలో ఆస్గర్ గోడకేసి తిరిగి పడుకున్నాడు. డాక్టరుతో మాట్లాడలేదు, అక్కతో మాట్లాడలేదు. ఆమె ఇంటికొచ్చేసిన మర్నాడు సాయంత్రం ఫోను మోగింది.

"నర్సుని మాట్లాడుతున్నానండీ. మీ తమ్ముడు మీతో మాట్లాడతానంటున్నారు. వచ్చినప్పట్నుంచీ తనంతట తాను అడిగింది ఇదే."

ఆస్గర్ గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "లాక్రిస్ తిన్నాడా?"

పాము సంగతే డోర్టెకి గుర్తు లేదు. మేడ మీదికి వెళ్ళనైనా వెళ్ళలేదు. "ఇప్పుడే పెట్టబోతున్నానురా," అంది.

"ఎలుకలు ఫ్రీజర్‌లో ఉన్నాయి, బఠాణీల సంచీ కింద. గోరువెచ్చటి నీళ్ళలో వెయ్యి. చేత్తో కాదు, పట్టకారుతో పెట్టు."

"సరే."

"పెట్టేసి వచ్చెయ్యక్కా. చూస్తూ నిలబడకు."

ఫోను పెట్టేశాక డోర్టె చాలాసేపు ఫ్రీజర్ ముందు నిలబడింది. తరవాత బఠాణీల సంచీ ఎత్తింది. బొటనవేలంత ఎలుకలు, వెంట్రుకలు ఇంకా సరిగ్గా రానివి, ప్లాస్టిక్ సంచీలో వరసగా పడుకున్నట్టున్నాయి. ఒకదాన్ని కాఫీ కప్పులో వేసి వేణ్ణీళ్ళు పోసింది. ఆ కప్పుని ఆ తరవాత పారేసింది.

పైన గదిలో పాము పెట్టె అడుగున కరెంటుతో వెచ్చబడే పలక, ఓ మూల బోర్లించిన పూలకుండీ. కుండీ పగులులోంచి పాము తల కొంచెం కనిపించింది. డోర్టె చెయ్యి సాగదీసి, తల అవతలికి తిప్పుకుని, ఎలుకని వేలాడదీసింది. పాము నాలుక రెండుసార్లు ఆడింది. తల మెల్లగా వెనక్కి లాక్కుని కుండీలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు అదే వేళకి ఫోను.

"తిన్నాడా?"

లేదని చెప్దామనే డోర్టె నోరు తెరిచింది. అవతల అతని ఊపిరి వినపడుతోంది. "తిన్నాడు," అంది.

"ఎలా తిన్నాడు?"

"ఎలా ఏంట్రా? నోటితోనే తిన్నాడు."

ఆస్గర్ నవ్వాడు. నవ్వంటే పెద్ద నవ్వు కాదు, ముక్కులోంచి వచ్చిన చిన్న చప్పుడు. వేసవి మొదలు ఆమె ఆ చప్పుడు వినలేదు. ఇంక నిజం చెప్పే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఆ రోజు నుంచి డోర్టెకి ఒకటే పట్టుదల. పాము తినాలి. తింటే తను చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది.

మేడ మీద ఒంటరిగా ఉండి బెంగ పెట్టుకుందేమోనని పెట్టెని కిందికి తెచ్చి వంటింట్లో రొట్టెల డబ్బా పక్కన పెట్టింది. అక్కడ దీపం ఉంటుంది, రేడియో ఉంటుంది, మనిషి అలికిడి ఉంటుంది. పొద్దున్నే మూత తీసి పలకరించేది. ఫ్యాక్టరీ నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా మూత తీసేది. ఎలుకని హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబరిచి పెట్టింది. కోడి పులుసులో ముంచి పెట్టింది. పాము వెనక్కి తగ్గింది. కుండీ కింద దాక్కుని తినడం లేదేమోనని కుండీ తీసేసింది. పాము గుండ్రంగా ఉండలా ముడుచుకుని తలని మధ్యలో దాచుకుంది.

ఎప్పుడు పోయిందో తెలియకుండా భయం పోయింది. ఓ సాయంత్రం దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని పిండి తూచే త్రాసులో పెట్టింది. చర్మం చల్లగా, పొడిగా, పట్టులా ఉంది. మొదట 'అది' అనేది, ఇప్పుడు 'వాడు' అంటోంది. "ఏరా, నీకేం లోటు చేశాను నేను?" అని అడిగేది. పట్టుకున్నంతసేపూ పాము ముడుచుకునే ఉండేది.

ఫ్యాక్టరీలో కాఫీ వేళ పక్క బల్ల మీద పనిచేసే విబెకెకి మాత్రం చెప్పింది.

"మా ఆయనా ఇంతేనే," అంది విబెకె. "ఇంట్లో ఉడకబెట్టిన చేప పెడితే మొహం తిప్పుకుంటాడు. సాసేజీల బండి దగ్గరికైతే పాక్కుంటూ వెళ్తాడు. నీ పాముకీ ఓ సాసేజీ కొనిపెట్టు."

అందరూ నవ్వారు. డోర్టె నవ్వలేదు. విబెకె కప్పు కింద పెట్టి, "నిజం చెప్పెయ్యి వాడికి," అంది ఈసారి మెల్లగా. "పాము గురించే కదా. చావదు వాడు."

"చావడని నీకెలా తెలుసు?"

విబెకె కప్పు తీసుకుని లేచింది.

పాముని అమ్మిన ప్రెబెన్ ఊరి బయట పాత గుర్రపుశాలలో పాముల్ని పెంచుతాడు. మాసిన స్వెట్టరు వేసుకున్న పెద్దాయన. డోర్టె పాముని ఉన్ని టోపీలో చుట్టి, చంకలో పెట్టుకుని తీసుకెళ్ళింది. అతను దాన్ని చేతిలో పెట్టుకుని వీపు మీద వేలితో తడిమాడు. వెన్నెముక గట్టులా తేలింది.

"పెట్టె ఎక్కడ పెట్టావమ్మా?"

"వంటింట్లో."

"రోజుకెన్నిసార్లు బయటికి తీస్తున్నావు?"

"ఎప్పుడో ఒకసారి," అంది డోర్టె. అబద్ధాలు ఇప్పుడు నోటికి సులువుగా వస్తున్నాయి.

"ఇది పిరికి జాతి. ఇలాంటి పిల్లలకి ఇరుకు కావాలి, చీకటి కావాలి. పైకి తీసుకెళ్ళి కుండీ కింద పెట్టు, మీద గుడ్డ కప్పు. వారం పాటు దాని జోలికెళ్ళకు. నీళ్ళు మార్చడానికి తప్ప మూత తియ్యకు."

"వారమా? ఈలోగా చచ్చిపోతే?"

"పోతే పోవచ్చు. పెద్దవైతే నెలలు ఓర్చుకుంటాయి, దీనికి అంత ఓపిక లేదు. కానీ నువ్వు కెలికితే మాత్రం ఖాయంగా పోతుంది."

డోర్టె పెట్టెని మేడ మీదికి తీసుకెళ్ళింది. కుండీ పెట్టింది, గుడ్డ కప్పింది, మెట్లు దిగింది. ఇల్లంతా నిశ్శబ్దం. తలుపు అవతల ఒక ప్రాణి ఉంది, అది ఏం చేస్తోందో తనకి తెలియదు. ఆమెకి ఆ స్నానాల గది తలుపు గుర్తొచ్చింది. తట్టినా పలకని తలుపు. రెండో రోజు గడవకుండానే మెట్లెక్కి, గుడ్డ లాగేసి, కుండీ ఎత్తి చూసింది. పాము బతికే ఉంది. పెట్టెని మళ్ళీ వంటింట్లోకి తెచ్చేసింది.

ఫోనులో ఆస్గర్ గొంతు రోజురోజుకీ తేరుకుంటోంది. చెరువు దాకా నడిచానన్నాడు. పక్క మంచం ముసలాయన పేకాటలో తొండి చేస్తున్నాడని చెప్పాడు. చివర్లో మాత్రం అదే ప్రశ్న. ఈమెది అదే జవాబు. "లావెక్కాడురా," అని కూడా ఓసారి అంది. అంటూ పెట్టెకేసి చూసింది. లాక్రిస్ పక్కల చర్మం మడతలు పడి, పెద్దవాళ్ళ చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉన్నాడు.

నవంబరు నడుమకి ఇంక ఆగలేక ప్రెబెన్ దగ్గరికెళ్ళి బతికున్న ఎలుకని అడిగింది. ఇవ్వనన్నాడు. ఆమె అక్కడే గడ్డిమోపు మీద కూర్చుని ఏడ్చింది. ఆయన విసుక్కుంటూ లోపలికెళ్ళి చిల్లుల డబ్బాలో ఒకటి తెచ్చిచ్చాడు.

"పక్కనే కూర్చో. కన్ను తిప్పకు. పాము పట్టకపోతే వెంటనే ఎలుకని తీసెయ్యి. ఆకలేస్తే ఎలుకే దాన్ని కొరుక్కుతింటుంది. వింటున్నావా?"

విన్నది. వంటింటి బల్ల ముందు కూర్చుని చూసింది. ఎలుక పెట్టె అంతా తిరిగి, మీసాలు దులుపుకుని, పాము చుట్ట పక్కనే వెచ్చగా ఉందని కాబోలు ఒదిగి పడుకుంది. పాము కదల్లేదు. అప్పుడు ఫోను మోగింది.

ఎలుక కిచకిచలు అతనికి వినపడతాయేమోనని ఫోను పట్టుకుని వసారాలోకి వెళ్ళింది. ఆ రోజు ఆస్గర్ ఎన్నడూ లేనన్ని మాటలు మాట్లాడాడు. చిన్నప్పుడు నాన్న పడవ మీద తను వాంతి చేసుకుంటే డోర్టె తన టోపీ పట్టిన సంగతి ఎత్తాడు. ఆమె నవ్వింది. "ఫోను పెట్టేస్తానురా" అనడానికి ఆమెకి నోరు రాలేదు.

తిరిగొచ్చేసరికి పెట్టె అడుగున పరిచిన కాయితం ఎర్రగా ఉంది. ఎలుక పాము వీపు మీద ఎక్కి, తోక దగ్గర కొరుకుతోంది. పాము అప్పుడు కూడా ముడుచుకునే ఉంది. పారిపోవడానికైనా కదల్లేదు.

డోర్టె ఎలుకని తోక పట్టి లాగింది. రోజుకి వందల చేపల పొట్టలు చీల్చే చేతులు దాన్ని చంపలేకపోయాయి. పెరటి తలుపు తీసి వానలోకి విసిరేసింది.

పశువుల డాక్టరు గాయం కడిగి మందు రాశాడు. సన్న గొట్టంతో గొంతులోకి పల్చటి మాంసం జావ ఎక్కించాడు. ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పాడు. ఇంటికొచ్చాక పాము జావంతా కక్కేసింది. మర్నాడు పొద్దున్న వెల్లకిలా పడి ఉంది, నోరు కొంచెం తెరుచుకుని. డోర్టె దాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని ఊదుతూ కూర్చుంది. అది వేడెక్కింది. ఆమె చేతుల వేడి అంతే, ఇంకేం లేదు. ఆ సంగతి తెలియడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం ఫోను వచ్చింది.

"తిన్నాడా?"

"తిన్నాడు," అంది డోర్టె.

ఆ తరవాత కూడా ఫోనులో తింటూనే ఉన్నాడు. పాత గుడ్డలో చుట్టి ఫ్రీజర్‌లో బఠాణీల సంచీ కింద పెట్టిన పాము, డోర్టె మాటల్లో మాత్రం ఎలుకల్ని మింగుతూ, కుబుసం విడుస్తూ పెరిగింది. ఫోను పెట్టేశాక ఆమె రొట్టె కోసుకుని, తినకుండానే మళ్ళీ డబ్బాలో పెట్టేసేది.

డిసెంబరు మొదట్లో ఆస్గర్‌ని శని ఆదివారాలు ఇంటికి పంపిస్తామని డాక్టరు చెప్పాడు. డోర్టె స్టేషనుకి కారులో వెళ్ళింది. బండి దిగినవాడు చిక్కాడు కానీ కళ్ళల్లో చూపు ఉంది. "ముందు వాణ్ణి చూడాలి," అన్నాడు బెల్టు పెట్టుకుంటూ.

ఆమె కారు స్టార్టు చెయ్యలేదు. "ఆస్గర్, వాడు లేడురా. చచ్చిపోయాడు."

"ఎప్పుడు?"

చెప్పింది. నువ్వు వెళ్ళినప్పట్నుంచీ ఒక్కటి కూడా తినలేదని కూడా చెప్పింది. అద్దం మీద సన్నటి మంచు పడుతోంది. ఆస్గర్ ఎదుటి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అతను అరుస్తాడనుకుంది, ఏడుస్తాడనుకుంది. "ఇంటికి పద," అన్నాడు అంతే.

వంటింట్లో అడుగు పెట్టగానే ఆగాడు. ఖాళీ పెట్టె రొట్టెల డబ్బా పక్కనే ఉంది. తీసెయ్యాలని ఆమెకి తోచలేదు.

"ఇక్కడ పెట్టావా దీన్ని?"

"పైన ఒక్కడే ఉన్నాడని..."

"రేడియో పక్కనా? కుండీ ఏది?"

"తీసేశాను. కనపడడం లేదని."

"ఎన్నిసార్లు తీసి చూసేదానివి?"

డోర్టె ఖాళీ పెట్టె మూత సర్దింది.

"చెప్పక్కా. పొద్దున్నా? సాయంత్రమా? గంటకోసారా?" అతని గొంతు లేవలేదు. అదే ఆమెని భయపెట్టింది. "పెట్టేసి వచ్చెయ్యమని చెప్పానా లేదా? వాడికి కావలసింది అదొక్కటే. ఎవరూ చూడకుండా ఓ మూల. నువ్వు చూసి చూసి చంపావు."

"బతికించాలనే కదరా..."

"తెలుసు. నన్ను కూడా అలాగే బతికిస్తున్నావు. గొళ్ళెం పీకేసి, రోజుకి పదిసార్లు తలుపు తీసి. ఏమైనా కావాలా, ఏమైనా కావాలా అని. ఊపిరాడదక్కా నాకిక్కడ."

డోర్టె బల్ల అంచు పట్టుకుంది. ఇన్నాళ్ళుగా అడక్కుండా దాచుకున్నది బయటికొచ్చింది.

"ఆ ఆదివారం నేను తలుపు తియ్యకపోతే? బయట కూర్చుని, పాపం వాణ్ణి ఒంటరిగా వదిలేద్దాం అనుకుంటే? ఇవాళ ఇక్కడ నిలబడి నన్ను తిట్టడానికి ఎవరుండేవాళ్ళురా?"

ఆస్గర్ మొహం తెల్లబోయింది. "తెలియదు," అన్నాడు. "ఎందుకు తీశావా అని ఒక్కోరోజు అనిపిస్తుంది. తీసింది నయమే అని ఒక్కోరోజు అనిపిస్తుంది. రెండూ నిజమే. నేనేం చెయ్యను?"

ఆమె దగ్గరికి వెళ్ళబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. గట్టిగా కాదు. ఆమె ఆగిపోయింది.

పాముని ఆస్గర్ ఒక్కడే ఇసక దిబ్బల్లోకి తీసుకెళ్ళి పాతిపెట్టాడు. తనూ వస్తానని డోర్టె అడగలేదు. కిటికీలోంచి చూడకుండా ఉండడానికి గిన్నెలన్నీ కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది. అతను చీకటి పడకముందే తిరిగొచ్చాడు, బూట్ల నిండా ఇసకతో. ఆదివారం దాకా ఉండవలసినవాడు ఆ సాయంత్రం బండికే ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఫోను రాలేదు. అడగడానికి ఇంక ఏముంది?

కొత్త సంవత్సరం వచ్చాక ఆసుపత్రి నుంచి బయటికొచ్చినవాడు అక్క ఇంటికి రాలేదు. పక్క పట్నం హ్యోరింగ్‌లో ఇలా కోలుకుంటున్నవాళ్ళ కోసమే నడిపే ఇంట్లో గది తీసుకున్నాడు. సామాను కోసం విబెకె మొగుడి వ్యాను వచ్చింది. ఆస్గర్ వస్తాడని డోర్టె కేకు చేసి ఉంచింది. వ్యాను నడుపుతూ విబెకె మొగుడొక్కడే వచ్చాడు, మొహమాటపడుతూ రెండు ముక్కలు తిని వెళ్ళాడు.

ఫిబ్రవరి అంతా ఆమె ఫోను చెయ్యలేదు. ఫోను చేతిలోకి తీసుకోవడం, కింద పెట్టడం. మార్చిలో ఓ శనివారం ఇంక ఆగలేక హ్యోరింగ్ వెళ్ళి, ఆ ఇంటికి ఎదురుగా కారు ఆపి కూర్చుంది. గంట కొట్టకూడదని ముందే ఒట్టు పెట్టుకుంది. కాసేపటికి ఆస్గర్ చెత్త సంచీ పట్టుకుని బయటికొచ్చాడు. చూశాడు. కారు దగ్గరికొచ్చి అద్దం మీద తట్టాడు.

"ఏంటక్కా ఇటువైపు?"

"టైర్లు మార్పించుకుందామని."

"మీ ఊళ్ళో టైర్ల షాపు మూసేశారా?"

డోర్టె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని తల వంచుకుంది. "లేదు. నిన్ను చూద్దామని వచ్చాను. వెళ్ళిపోతాలే."

గాలికి అతని జుట్టు ఎగురుతోంది. గడ్డం పెంచాడు. ఉన్నట్టుండి వాళ్ళ నాన్నలా కనిపించాడు.

"పైకి రమ్మనలేను," అన్నాడు. "కోపం కాదు. కుదరదు ఇప్పుడు."

"సరే."

"వచ్చే ఆదివారం నేనే వస్తాను, భోజనానికి."

"సరేరా."

ఆ ఆదివారం రాలేదు. డోర్టె వండినదంతా పక్కింటివాళ్ళకి ఇచ్చేసి, ఫోనుని సొరుగులో పెట్టి, రేవు చివరిదాకా నడిచి వచ్చింది. ఆ పై ఆదివారం తలుపు తట్టిన చప్పుడైంది. ఆస్గర్ కోటు విప్పకుండానే బల్ల ముందు కూర్చున్నాడు. వాతావరణం గురించి, విబెకె మొగుడి వ్యాను గురించి మాట్లాడుకున్నారు. ఆమె అతని ముఖంలోకి చూడకుండా బంగాళదుంపలు వడ్డించింది. కాఫీ వేళకి అతను కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. నాలుగింటి బండికి వెళ్ళాడు. స్టేషను దాకా దింపుతానని ఆమె అనలేదు.